సున్నాల రిజిస్టరు

పొద్దున ఎనిమిదిన్నరకు
కంబదూరు మండలాఫీసు ఎనక
ఇనప కంచె తాళం తీస్తాను.
గరాటు ఎత్తి, సీసా ఎత్తి,
కంటికి సమంగా పట్టుకుని చూసి
రిజిస్టరులో సున్నా చుడతాను.

ముందు ఈ పని మా నాయన వన్నూరప్పది.
ఆయన సున్నా గుండ్రంగా ఉండదు,
నడుమ కాస్త నొక్కినట్టు, చెనిక్కాయ మాదిరి.
ఒక జూలైలో ముప్పై ఒక్కటీ చుట్టి
ముప్పై రెండోది కూడా చుట్టి కొట్టేసినాడు,
నెల అయిపోయిందని తెలీక.

నిన్న మూడు కార్లొచ్చినాయి.
విమానాలకు రెక్కలు చేసే కంపెనీ వాళ్ళంట,
క్షిపణులకు తోకలు బిగించేవాళ్ళు ఇద్దరంట.
"హనుమక్కా, రిజిస్టర్లన్నీ తే" అన్నాడు తాసిల్దారు.
ముప్పై ఏండ్లవి, బొద్దింకలు దులిపి ఎత్తుకుపోయినా.

తెల్లచొక్కా సారు పుటలు తిప్పుతా పోయినాడు.
సున్నా. సున్నా. సున్నా. రెండు పాయింట్ నాలుగు. సున్నా.
మొగం వెలిగిపోతా ఉంది ఆయనకు.
పంటబీమా వాళ్ళు ఈ పుటలే చూసి గొణిగినారు,
కరువు బృందమొచ్చి కండ్లద్దాలు తుడుచుకునింది,
ఈయన మటుకు "అద్భుతం" అన్నాడు.
"ఏడాదిలో మూడొందల దినాలు ఎగరొచ్చు."

చానా అడిగినారు.
పొగమంచు పడుతుందా? లేదు సార్.
పిడుగులు? మోడం వస్తే కదా.
తవ్వితే ఏముంటుంది? రెండడుగుల కింద బండ,
వెయ్యి అడుగుల బోరేసినా దుమ్మే లేచింది.
"మంచిది, పునాది కదలదు."
బెంగళూరు ఎంత దూరం?
మా ఊర్లో సగం మందికి ఆ దారి తెలుసు సార్.
పక్షులు?
ఆ మాట అర్థంగాక మొగాలు చూసుకున్నాం.
ఇంజన్లో పడతాయంట పక్షులు.
చెరువు నిండిన ఏడు కొంగలొచ్చేవి,
నిండి పదకొండేండ్లయింది, అన్నా.
అదీ రాసుకున్నాడు, మంచివన్నీ రాసుకునే వరుసలో.

నలుగురిలో చెప్పుకోలేక దాచిన కరువంతా
తీసి ఎండలో పరిస్తే
ధర పలికే సరుకైంది.

రాయదుర్గం నుంచి ఖాసింబీని పిలిపించినారు.
పద్నాలుగేండ్లుగా జీన్సు కుట్టే మనిషి.
పారాచూటు గుడ్డ చేతికిచ్చి చూడమన్నారు.
రెండు వేళ్ళ మధ్య నలిపి, ఎండకు పట్టి,
"జారుతుంది. సన్న సూది కావాల" అనింది.
కుట్టు తప్పితే ఏమవుతుందని తనే అడిగింది.
తనే చెప్పింది:
"జీన్సయితే వాపసు పంపుతారు.
ఇది వాపసు రాదు గదా సార్."
ఎవరూ ఏమీ అనలేదు.
కార్ల నీడలో డ్రైవర్లు ఉగ్గాని తింటా ఉన్నారు.

ఈ కంపెనీ రావాలనే ఉండాది నాకు,
చెప్పుకోడానికేం సిగ్గు.
మా చిన్నాయన కొడుకు ఓబుళేసు
ఐటీఐలో ఫిట్టరు చదివి
బోరుబండి మీద కేసింగు పైపులు దించుతాడు.
వెంట్రుక మందం తేడా వేలితో తడిమి చెప్తాడు.
ఆ చెయ్యి కిందికి దించే పని మాని
పైకి పంపే పనిలో పడితే మేలే.
కానీ, పైకి చూడ్డం మాకు కొత్తా?
చూసి చూసి మెడలు పట్టుకున్న ఊరు ఇది.
రేపు మోడం కమ్మితే
సేన్లో ఒకరు దండం పెడతారు,
కంచె లోపల ఒకరు తిట్టుకుంటారు.
ఓబుళేసు ఏ పక్క నిలబడతాడో.

రిజిస్టర్లు ఫొటోలు తీసుకుపోయినారు,
అంకెల గళ్ళు మాత్రం.
కుడిపక్క చివర ఇంకో గడి ఉంటుంది, రిమార్కులని.
అందులో నాయన రాసేవాడు:
"గాలిలో తడి వాసన. పడలేదు."
"దక్షిణాన మెరిసింది. పావగడ వాళ్ళకేమో."
నేనైతే ఈ జనవరి నుంచి ఒకే మాట రాస్తున్నా:
"సీసా అడుగున చిల్లు. మార్చవలెను."
కళ్యాణదుర్గానికి మూడు అర్జీలు పోయినాయి.

ఇయ్యాల గూడా తాళం తీసి
సీసా ఎత్తి సమంగా పట్టుకున్నా.
కింద మన్ను కొంచెం తడిగా ఉన్నట్టుంది.
వేలు పెట్టి చూసి
చానాసేపు
పెన్ను మూత తియ్యలేదు.